సింగపూర్‌లో దించిన పెట్టె

ఆరేళ్లుగా ఎగుమతి కంపెనీకి ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. నేను కంటైనర్లో సర్దిన బేతంచెర్ల నాపరాతి బండలు పరదేశానికి పగిలి చేరాయని, తప్పు నాదేనని తేల్చేశారు. ఎలా సర్దావని ఒక్కరూ అడగలేదు.

అడిగినవాడు ఒకడే. మా స్టేషన్లో రైలు కోసం కూర్చున్న మైదుకూరు మనిషి. సరుకు ఓడల మీద పనిచేస్తాడట. నా గోడు మొత్తం విని, "పడుకోబెట్టినావా, నిలబెట్టినావాప్పా?" అన్నాడు.

"చెక్క చట్రంలో నిలబెట్టినా. పడుకోబెడితే పగుల్తాయని మా ఊర్లో ఎవుర్నడిగినా చెప్తారు."

అతను వేలు తడుపుకొని బల్ల మీద గీత గీశాడు. "ఇది చెన్నై. ఇది సింగపూరు. ఈడ నీ కంటైనర్ పెట్టెను దించి ఇంకో ఓడకెక్కిస్తారు."

"ఓడ నేరుగా పోదా?"

"అదేమన్నా కడప బస్సా? ఈడ శానా పెట్టెలు, శానా తొందర, దబ్బున దించేస్తారు. నీదే తప్పన్నోడు ఈడ నిలబడి చూసినాడా?"

అప్పటికే ఎండకు చెన్నై ఆరిపోయింది. మళ్లీ వేలు తడిపి ఓపికగా గీశాడు. అంతలో అతని రైలొచ్చింది. అతని పేరైనా నేను అడగలేదు. బల్ల మీద తడి కనబడితే ఇప్పటికీ ఆ వేలే గుర్తొస్తుంది.

కంపెనీ వారూ, నా పెట్టెను సింగపూర్‌లో దించుతుంటే మీలో ఎవరు చూశారు? చూడకపోతే, చూడలేదనైనా రాయండి.