కడవ పెడితే మనిషి ఉన్నట్టే

విజయనగరంలో పొద్దుటి పాసింజరు ఏడుంబావుకు కదిలింది. పొందూరుకు మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. చేతిసంచిలో ఒక జత బట్టలు, మరచెంబు, కొలత టేపు పెట్టుకున్నాను. నేను బియ్యం మిల్లులో గుమస్తాను. బడిలో నేర్చుకున్న లెక్కలు తక్కువే. కొలవడం, లెక్కకట్టడం సొంతంగా పట్టుబడ్డాయి. అది తెలిసే మా బావమరిది రమ్మని కబురు చేశాడు.

పొందూరుకు మూడు మైళ్లలో వాళ్ల ఊరు. అతను అక్కడ పంచాయతీ మెంబరు. పంచాయతీ సమితివాళ్లు ఊరికి ఒక మంచినీళ్ల బావి మంజూరు చేశారు. చావడి పక్కన తవ్వాలని వీధివాళ్లు, తమకు దగ్గరలో ఉన్న మెట్ట మీద తవ్వాలని, ఊరికి ఎడంగా ఉండే పేటవాళ్లు పట్టుబట్టారు. రెండుచోట్లా నీళ్లు పడతాయని ఓవర్సీరు చెప్పాడట. ఎక్కడన్నది ఆ మధ్యాహ్నం గ్రామసభలో చేతులెత్తించి తేలుస్తారు.

చీపురుపల్లిలో బండి పది నిమిషాలు ఆగింది. ఇటు వచ్చేవారు అక్కడే ఇడ్లీ తినడం మంచిది. పొందూరులో దిగాక నాకు టీ తప్ప దొరకలేదు. చీపురుపల్లిలోనే ఒక పెద్దావిడ తట్టతో ఎక్కి నా కాళ్ల దగ్గర కూలబడింది. బెంచీ మీద చోటుందన్నాను.

“నాకిక్కడే బాగున్నాది బాబూ,” అంది.

పేరు ఎస్తేరమ్మ. మా బావమరిది ఊరి పేటే. కూతురింటినుంచి సభ కోసమే తిరిగి వస్తోంది.

“కోడలికి ఏడో నెల. ఎండిపోయిన గెడ్డలో దిగి, ఇసకలో సెలమ తవ్వుకుని నీలు తేవాల. నిరుడు కడవతో జారిపడి సెయ్యిరగ్గొట్టుకున్నాది. ఎండలు ముదిరేలోపు బావి దగ్గర్లోకి రాకపోతే ఆ పిల్ల ఎలా మోస్తాది? నా మోకాల్లు సూడు.”

“సభలో చెయ్యెత్తుతావా?” అని అడిగాను.

“మావలు, బావలు కూకున్న సోట ఆడది సెయ్యెత్తుతాదేటి?”

ఎదురు బెంచీలో గుడ్డల మూటతో కూర్చున్నాయన కలగజేసుకున్నాడు. “మరెందుకెల్తన్నావే ముసిలీ?”

“ఎత్తినోల్ల సంకలు సూడ్డానికి!”

పెట్టె అంతా నవ్వింది. ఆయన మూట సర్దుకుని కిటికీలోంచి బయటకు చూశాడు.

పొందూరులో బావమరిది ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. ఎస్తేరమ్మనూ ఎక్కించుకున్నాం. నేతవీధి దాటేదాకా రాట్నాల చప్పుడు వెంట వచ్చింది. “బావా, నువ్వొచ్చి కొలిసిపెడితే మెట్టే మేలన్న మాటకి బరువుంటాది. నా నోటి మాటెవుడింతాడు?” అన్నాడు బావమరిది.

ఎండ నడినెత్తికి రాకముందే కొలిచాను. పేటనుంచి చావడికి మూడువందల నలభై గజాలు. వీధి చివరి ఇంటినుంచి మెట్టకు నూట యాభై. పేటకు మెట్ట ఎలాగూ ఆనుకునే ఉంది. చోడి అంబలి, ఎండుచేపల పులుసు తిని, రెండింటికి సభకు వెళ్లాం.

నా అంకెలు చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒక ముసలాయన మాత్రం, “లెక్క బాగున్నాది బాబూ, మాకు సావిడి కాడే అలవాటు,” అన్నాడు. పంచాయతీ ప్రెసిడెంటు చేతులెత్తించాడు. చావడికి ముప్పై ఒకటి, మెట్టకు పందొమ్మిది.

సమితినుంచి వచ్చిన అధికారి తల ఎత్తి, “ఆడవాళ్ల మాటేమిటి?” అన్నాడు.

“మా ఊర్లో ఆడోల్లు సెయ్యెత్తరండి. ఇంట్లో మొగోడెత్తితే ఇద్దరూ ఎత్తినట్టే,” అన్నాడు ప్రెసిడెంటు.

ఆడవాళ్లు నిలబడ్డ దడి వెనకనుంచి ఒక గొంతు, “మావోడు నన్నడిగే ఎత్తినాడేటి?” అంది. కొందరు నవ్వారు. అధికారి రాయడానికి కలం మూత తీశాడు.

అప్పుడు ఎస్తేరమ్మ ఖాళీ కడవతో వచ్చింది. సభ మధ్యలో మెట్ట వైపు దాన్ని నేల మీద దించింది.

“ఇదేటే?” అన్నాడు ప్రెసిడెంటు.

“నా వంతు, పెసిరెంటు బాబూ. నిరుడు సెలమ కాడ వంతుల తగువు తీర్సినప్పుడు నువ్వేటన్నావు? కడవెడితే మనిసున్నట్టే, ఎవులూ జరపరాదన్నావు. అన్నావా, నేదా?”

ఆయన తల గోక్కున్నాడు. “అన్నాను.”

“మరైతే నానున్నాను.”

“కుండలకి ఓట్లేటిరా!” అని ఒక కుర్రరైతు లేచాడు. “జరుపు, సూద్దాం,” అంది దడి వెనక గొంతు. అతను కడవదాకా వెళ్లి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

అధికారి ప్రెసిడెంటు వైపు చూశాడు. “మీ ఊరి కట్టుబాటు. మీరు ఒప్పుకుంటేనే రాస్తాను.”

ప్రెసిడెంటు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “నా మాట నేను మింగలేనండి. ఆడోల్లని కడవలు తెమ్మనండి,” అన్నాడు.

కడవలు, బిందెలు వచ్చాయి. లెక్కపెట్టమని నన్ను లేపారు. చావడి వైపు ఎనిమిది. మెట్ట వైపు ఇరవై ఆరు, అందులో వీధివాళ్లవీ ఉన్నాయి. వైశాఖంలో వీధిలో ఉన్న పాత బావి ఉప్పగిల్లితే వాళ్లూ గెడ్డకే వెళతారని బావమరిది చెవిలో చెప్పాడు. పేట కడవలకూ వీధి బిందెలకూ మధ్య జానెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు. నేనూ ఆ ఖాళీ దాటి లెక్కపెట్టుకుంటూ పోయాను.

చొట్టపడిన ఇత్తడి బిందె ఒకటి మెట్ట వరసలో ఉంది. ప్రెసిడెంటు దానివైపు వంగి చూశాడు. “ఇది మా ఇంటిది కాదు కదా?”

దడి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

చేతులూ కడవలూ కలిపితే చావడికి ముప్పై తొమ్మిది, మెట్టకు నలభై ఐదు. అధికారి అలాగే రాసుకుని, అందరికీ వినపడేలా చదివి, ప్రెసిడెంటు చేత సంతకం పెట్టించాడు. నాలుగింటికి మెట్ట మీద బావి చోటుకు గుర్తుగా మేకులు దిగాయి. ఎస్తేరమ్మ తన కడవ తీసుకెళ్లి ఆ మేకుల మధ్య పెట్టింది.

“ఇంటికి తీసుకెళ్లవా?” అన్నాను.

“గునపం పడేదాకా తియ్యను బాబూ. కాయితం సంగతి నాకేటి తెలుసు?”

“మరి నీళ్లకో?”

“పక్కింటోల్లకి కడవ నేదేటి?”

పొందూరులో సాయంత్రం పాసింజరు అందింది. పెట్టె కిక్కిరిసి ఉంది. కిటికీ పక్క ఒక సీటు మాత్రం ఖాళీ. దాని మీద ఎవరిదో తువ్వాలు పరచి ఉంది. మామూలుగా అయితే పక్కకు నెట్టి కూర్చునేవాణ్ణే. చీపురుపల్లి దాకా నిలబడే వచ్చాను.