చేతితో తోసే గడ్డి మిషన్

అమ్మ పోయాక బాపును రాయికోడ్ దగ్గరి మా పల్లె నుంచి జహీరాబాద్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆయన జీవితమంతా అల్లం, చెరకు పండించిన మనిషి. ఇంటిముందు నేను పెంచుకున్న లాన్ చూసి, "బర్లు లేవు, గొడ్లు లేవు, గీ గడ్డి ఎందుకురా?" అన్నాడు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత లాన్ అది. ప్రతి ఆదివారం కరెంటు మిషన్‌తో కోసేవాణ్ని. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే నాకు దాని మోత మోతే కాదు.

పక్కింట్లో రిటైరైన ఉర్దూ సారు ఒకరు ఉంటారు. ఆయనదీ అంతే లాన్. కానీ ఆయన చేతితో తోసే మిషన్‌తో రోజూ పొద్దున కొంచెం కొంచెం కోస్తారు. దానికి ఇంజన్ లేదు, వైరు లేదు. తోస్తుంటే రెండు చక్రాల మధ్య బ్లేడ్లు తిరుగుతాయి, అంతే. నెల తిరక్కుండానే బాపు చాయ్ గ్లాసు పట్టుకుని పొద్దున్నే ఆయన లాన్‌లోకి చేరడం మొదలుపెట్టాడు.

నాతో "ఊ", "ఆ" తప్ప అనని మనిషి అక్కడ గంటసేపు మాట్లాడేవాడు. పగలబడి నవ్వేవాడు. నేను డ్యూటీకి తయారవుతూ కిటికీలోంచి వినేవాణ్ని. కడుపు మండేది. యాభై దగ్గరపడ్డ మనిషిని, కన్నతండ్రి పక్కింటాయనతో నవ్వుతున్నాడని కుళ్లుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మన దగ్గరనే కూసోరాదు బాపు?"

"నీ మిషన్ మొత్తుకుంటది బిడ్డా. మాట ఇనబడదు."

ఆయన అన్నది ఆదివారం సంగతే. నేను మాత్రం అన్ని రోజులకూ అదే కారణమనుకున్నాను. హైదరాబాద్ వెళ్లి అలాంటి చేతి మిషనే తెచ్చాను. తొలిరోజు చెమటలు కక్కేలా తోశాను. గడ్డి తెగలేదు, వంగి మళ్లీ లేచింది. గోడ అవతల బాపు ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నన్ను చూసే నవ్వారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఎండాకాలం సారు కూతురి కాన్పుకని బీదర్ వెళ్తూ, "జర లాన్‌కు నీళ్లు పట్టు బేటా" అని నాకే చెప్పి వెళ్లారు. సరేనన్నాను. పట్టలేదు. మర్చిపోయి కాదు. రోజూ గోడ మీదుగా చూసేవాణ్ని, గడ్డి అంచులు పసుపెక్కుతుంటే లోపల ఎక్కడో హాయిగా ఉండేది.

నాలుగోరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి బాపు నీళ్ల బకెట్ మోసుకుంటూ సారు గేటు దాటుతున్నాడు. మోకాళ్ల నొప్పితో మెట్టెక్కడమే కష్టమైన మనిషి. పరుగెత్తి బకెట్ అందుకున్నాను.

"మర్చిపోయిన బాపు."

"నువ్వు మర్చిపోలే. నిన్న నువ్వు గోడకాడ నిలబడి చూస్తుంటే నేను చూసిన."

నా నోటి నుంచి దాచుకున్నదంతా ఊడిపడింది. "ఆయనతోని గంటలు గంటలు మాట్లాడ్తవు. నాతోని ఒక్క మాటన్నా మాట్లాడవు."

బాపు మెట్టు మీద కూర్చున్నాడు. "సారు నన్ను అల్లం ఎట్ల పెడ్తరు, వాన పడకుంటే ఏం చేసేటోళ్లు అని అడుగుతడు. నువ్వు నన్ను ఏం అడిగినవ్ రా? గోలి ఏసుకున్నవా, బువ్వ తిన్నవా. గంతే గద."

బకెట్ ఎత్తి, ఎండిపోయిన మూలకు నీళ్లు పోశాను.

సారు తిరిగొచ్చాక వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఎండిన మూలను చెప్పుతో నిమిరారు. కోపం వచ్చిందనే అనుకుంటాను. తర్వాత, "నీ మిషన్ పట్కరా" అన్నారు. బ్లేడ్ల మధ్య పేపర్ ముక్క పెట్టి తిప్పారు. అది తెగకుండా నలిగింది. రెండు పక్కలా స్క్రూలు కొద్దికొద్దిగా బిగించి మళ్లీ తిప్పితే ముక్క రెండయింది.

మర్నాడు నా లాన్ కోస్తూ బాపును అడిగాను, మా చిన్నప్పుడు అల్లం విత్తనం ఎక్కడ దాచేవాళ్లమని. మొదట అనుమానంగా చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టి, గడ్డి కోయడం అయిపోయినా ఆపలేదు. ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లాను.

ఇప్పుడు బాపు వారంలో రెండు మూడు రోజులు మా లాన్‌లో కూర్చుంటాడు. మిగతా రోజులు సారు దగ్గరే. ఆ రోజుల్లో నాకు కాస్త మండుతుంది, అబద్ధమెందుకు చెప్పాలి.