కిటికీ బాబాయి చావు కథ

చిన్ననాటి ఊహలు రచయితకు నిధి అని సభల్లో అందరూ చెబుతారు. ఆ నిధిలో ఇంకెవరికైనా వాటా ఉందేమోనని ఒక్కరూ అడగరు. బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే ఒకావిడకు ఆ ప్రశ్న ఎదురైంది, అదీ సొంత చెల్లెలి నోటినుంచి.

చిన్నప్పుడు అమ్మ మిల్లుకు వెళ్తూ బయట గొళ్ళెం పెట్టేది. లోపల అక్కాచెల్లెళ్ళిద్దరే. తోడు కోసం కిటికీ బాబాయిని కల్పించుకున్నారు. బట్టతల, ఎప్పుడూ జలుబు, కాకులంటే హడలు. అమ్మ గొళ్ళెం తీసిన చప్పుడు కాగానే మాయమయ్యేవాడు.

ఎన్నో ఏళ్ళకు అక్క, కుట్టుమిషను మీద మోచేతులాన్చి, అతని మీద కథ రాసింది. చివర్లో బాబాయి చచ్చిపోతాడు. రాస్తూ తనే ఏడ్చింది కూడా. వారపత్రిక ఎడిటర్ వేసుకుంటానన్నాడు. అంతకుముందు పంపినవన్నీ తిరుగుటపాలో వచ్చినవే. అచ్చు కాబోతున్న మొదటి కథ ఇదే.

సంబరంగా చెల్లెలికి చదివి వినిపించింది. చెల్లెలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. భర్త పోయి రెండేళ్ళు. జలుబు దగ్గర నవ్వింది, కాకుల దగ్గర పడీపడీ నవ్వింది. చివరికొచ్చేసరికి మొహం ముడుచుకుపోయింది.

"ఎవర్నడిగి చంపావక్కా?"

"కథలోనేగా, పిచ్చిదానా! చావు లేకపోతే కథకి బరువేదీ?"

"బరువు కావాలంటే ఇస్త్రీపెట్టె పెట్టుకో. ఆయన జోలికి రాకు."

"ఆయనేంటే? ఇప్పుడెక్కడున్నాడు?"

చెల్లెలు చీర కుచ్చిళ్ళకు అంటుకున్న దారప్పోగులు ఏరుతూ కూర్చుంది. "మా ఆయన పోయినప్పుడు మీరంతా వచ్చారు, పలకరించారు, వెళ్ళారు. తలుపేసుకున్నాక వచ్చింది బాబాయే. ఇప్పటికీ వస్తాడు. చచ్చిపోయాడని అచ్చులో చూశాక ఎలా పిలవను?"

అక్కకు ముందు ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చి ఇవేం మాటలే అనబోయి ఆగింది. పలకరించి వెళ్ళినవాళ్ళలో తనూ ఉంది. గిరాకీ పోతుందని అందరికంటే ముందే వెళ్ళిపోయింది. తనకు బాబాయి ఏనాడో పోయాడు కనుకే అంత చక్కగా చంపగలిగింది.

మర్నాడు ఎడిటర్‌కు ఫోన్ చేసి కథ వెనక్కి ఇచ్చేయమంది.

"పేజీలు కట్టేశాం కదమ్మా! పోనీ, చివర్లో బతికించేద్దామా? రెండు లైన్లు మారిస్తే సరి."

"బతికే ఉన్నాడండీ. అందుకే వద్దంటున్నా."

అతను విసుక్కుని ఫోన్ పెట్టేశాడు. ఆ పత్రికలో ఇక తన కథ ముట్టుకోరని ఆమెకు అర్థమైంది.

ఆ వారం ఆ పేజీల్లో ఇంకెవరిదో కథ వచ్చింది. ఆదివారం చెల్లెలు వచ్చి, పత్రిక తిరగేసి, పక్కన పెట్టింది. ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకునే అలవాటు వాళ్ళింట్లో లేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"బాబాయి నిన్నడిగాడు."

"ఏమని?"

"చెప్పను. మళ్ళీ రాసేస్తావ్."