నా పేరు కొట్టేసి, డ్రైవర్ పేరు రాశారు

మోకాలు దెబ్బతిని ఫుట్‌బాల్ ఆడటం మానేశాక, మా భావనపాడులో ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాను. ఏడాది తర్వాత వాళ్లను మొదటిసారి టెక్కలిలో పోటీకి తీసుకెళ్లాను.

నిర్వాహకుడు నేనిచ్చిన జట్టు పేర్ల కాగితం చూసి, "మీ కోచ్ ఏడమ్మా?" అని అడిగాడు. నేనేనన్నాను. ఆయన నవ్వి, నా పేరు కొట్టేసి, మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ అప్పన్న మావ పేరు రాశాడు. "మగోడొకడు ఉండాల కదేటి. నువ్వు పిల్లలకి మంచినీళ్లు అందించు," అన్నాడు.

పదేళ్లు జిల్లా జట్టుకు ఆడినదాన్ని. కోపంతో ఆ కాగితం లాక్కోబోయాను.

అప్పన్న మావే ముందుకొచ్చాడు. "నాకు బండి తోలడమే తెలుసు బాబూ. ఆట నేర్పింది ఈ పిల్ల. నా పేరెందుకు రాత్తన్నావు?"

ఆ మాట విన్న మా కెప్టెన్ గౌరి, జట్టునంతా తీసుకెళ్లి మైదానం మధ్యలో కూర్చుంది. "మా అక్క పేరు రాసీదాకా మేం ఆడం," అంది. చూడటానికి వచ్చినవాళ్లు కూడా గొడవ చేయడంతో ఆయన విసుక్కుంటూ మళ్లీ నా పేరు రాశాడు.

ఆట ఓడిపోయాం. ఆ బాధ రెండు రోజుల్లో పోయింది. కానీ నా పేరు నిలబెట్టడానికి పన్నెండేళ్ల పిల్లలు మండుటెండలో కూర్చోవలసి వచ్చినందుకు రగిలిన కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.