కిటికీకి కొట్టిన ఎక్స్‌రే

కూసో అప్పా, ఆ ఫోను అవతల పెట్టి సరిగ్గా విను. సెప్పింది సెప్పినట్టు రాసుకో. ఇప్పుడు నువ్వు వెనిగర్ సీసా మూత తీస్తివి గదా, ఆ పుల్ల వాసనకే సాబు గ్యాపకమొచ్చినాడు. ఆదోనిలో ఒక ఆస్పత్రిలో నేను ఆయాగా ఉండేదాన్ని. ఎక్స్‌రే ఫిలిములు కడిగే సీకటి గదిలో అదే వాసన. ఫిలిములు తీసేది సాబు. మీ నాయన అప్పుడు పలక పట్టుకొని బడికి పోతాండె.

పెద్దోల్లకైతే గబగబా తీసేవాడు. పసిబిడ్డ వస్తే మాత్రం మిషను ఆపి పెట్టి, "కదిలితే నేను గెలిచినట్టు పాపా" అని నాలుగుసార్లు ఆటాడిచ్చి, ఐదోసారి తీసేవాడు. బయట జనం తిట్టేది నన్ను. "తీసేయి సాబూ, కదిలితే ఇంకోటి తీద్దువు" అంటి ఒకసారి.

"ఆ మాట ఈ గదిలో అనొద్దక్కా. ఆ కిరణాలు కంటికి కనపడవు. పెరిగే ఒళ్లు, పిల్లోల్లకే చేటు ఎక్కువ" అన్యాడు. నేను నమ్మలే. కనపడనిదానికి బయమేంది?

ఒకనాడు ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసేయమ్మ, దగ్గుతాండే కూతుర్ని ఎత్తుకొచ్చింది. నాలుగేండ్లుంటాయి. కొత్త డాక్టరు రొమ్ముకు ఎక్స్‌రే రాసినాడు. సాబు బిడ్డను గుర్తుపట్టినాడు.

"పది దినాల కిందనే తీస్తి గదమ్మా. ఆ ఫిలిం యాడ?"

"మగ్గం మీద జల్లు పడకుండా కిటికీకి కొట్టినామన్నా. ఎట్లాగూ వచ్చినాము, ఇంకోటి తీయి. ఈతూరి తల కాడినుంచి కాలిదాకా తీయి, బస్సు చార్జీ దండగ గాకుండా."

"ఇదేమన్నా పెండ్లి ఫోటోనా తల్లీ!"

మళ్లా తీయాల్నా అని సాబు పోయి డాక్టరును అడిగినాడు. "పాతది సూడకుండా నేనేం సెప్పేది? సాయంత్రం లోపల తెస్తే సరి, లేకుంటే తీయాల్సిందే" అన్యాడాయన. సాబు ఆయమ్మను ఇల్లు యాడో అడిగి, అన్నం డబ్బా మూత గూడా తీయకుండా ఎమ్మిగనూరు బస్సెక్కినాడు. పిచ్చోడు, అనుకుంటి.

డాక్టరు లేసి పోతాండంగా సాబు వచ్చినాడు, సెమట కారుకుంటా. ఫిలింకు నాలుగు మూలలా మేకు బొక్కలు, మీద గంజి మరకలు. డాక్టరు ఎలుతురుకు పెట్టి శానాసేపు సూసినాడు. "ఇది సాలు. మందు మారుస్తా" అన్యాడు.

ఆయమ్మ ఏమనింది? "మరి మా కిటికీ అన్నా?"

"దానికి అట్టముక్క కొట్టొచ్చినాలే సెల్లే" అని, సల్లారిన అన్నం నిలబడే తిన్యాడు సాబు.

ఆ బిడ్డకు ఏం తప్పిందో ఆ బిడ్డకే తెలీదు. సాబుకు దండం పెట్టినోల్లు గూడా లేరు. నాకు మాత్రం అది అంటుకునింది. మనింట్లో ఏ బిడ్డకు ఎవురు ఎక్స్‌రే రాసినా, "పాతది సూసినావా నాయనా, తీయకుండా కుదరదా?" అని అడక్కుండా లేయను. మొన్న నీ తమ్మునికి రాసిన డాక్టరమ్మను గూడా అడిగితి. ఆయమ్మ పాత ఫిలిం తెప్పిచ్చుకొని సూసి, రాసింది కొట్టేసి, "నీకిది ఎవురు నేర్పినారవ్వా?" అనింది. నేను...

"జేజీ, సంగటి సల్లారతాంది, రా!"

వస్తాండా, వంటింట్లో నుంచి అరవొద్దు! నేనంటి అప్పా, ఆదోనిలో ఒక సాబు నేర్పినాడని.