టీచరమ్మ కూర్చోబోయిన స్టూలు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే, అగ్రికో కాలనీలో ఉండే మా టీచరమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారని కబురొచ్చింది. మళ్లీ లోపలికెళ్లి మోకరించాను. కళ్లు మూసుకోగానే ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. మీలో ఆవిడను ఎరిగినవారు నన్ను తప్పు పట్టరు.

ఆవిడ నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. నేను అక్కడ ల్యాబు శుభ్రం చేసే ఆయాని. ఒక ఏడు ల్యాబుకు వీఆర్ హెడ్‌సెట్లు వచ్చాయి. కళ్లకు తగిలించుకుంటే వార్డు, మంచం, రోగి నిజంగా ఎదుట ఉన్నట్టే కనిపిస్తాయి. పిల్లలు వాటిని డబ్బాలనేవారు. ముందుగా టీచరమ్మే పెట్టుకున్నారు. ఆ లేని రోగికి సూది వేసి, "కాళ్లు పీకేత్తన్నాయి బాబూ, కూకుంటాను" అంటూ, అందులో కనిపించిన స్టూలు మీద కూర్చోబోయి నేల మీద చతికిలబడ్డారు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మీకంటే ఈ పేషెంటే నయమర్రా. నవ్వకుండా చూత్తన్నాడు" అన్నారు, డబ్బా తీయకుండానే.

ఆ రోజు నుంచి డబ్బా పెట్టుకున్నవాళ్ల వెనక నిజం స్టూలు వేయడం నా పని. "ముందు చేత్తో తడమండి, అప్పుడు కూకోండి" అని ఆవిడ ప్రతి పిల్లకూ చెప్పేవారు.

ఈ హిందీ ఊళ్లో పుట్టి హిందీలోనే మాట్లాడే మా అమ్మాయీ అక్కడే చదివింది. సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. రెండుసార్లు పరీక్ష తప్పి, "ముఝ్‌సే నహీ హోగా, మమ్మీ" అని, తన వల్ల కాదని చదువు మానేయబోయింది. టీచరమ్మ సాయంత్రాలు దాన్ని ఆపి డబ్బా తగిలించేవారు.

"పేరడిగావేటి?"

"మేడమ్, యే తో నక్లీ హై."

"నకిలీదైతే పేరుండదేటి? అడుగు. చెయ్యి పట్టుకుంటన్నానని చెప్పు. నీ ద్యాస ఆ మనిషి మీదకెళ్తాది, భయం మీద ఉండదు."

పేరడిగినందుకూ, చెయ్యి పట్టుకున్నందుకూ కంప్యూటరు మార్కులిచ్చేది కాదు. ఆవిడే ఇచ్చేవారు.

మూడోసారికి అమ్మాయి గట్టెక్కింది, నర్సయింది. పోయిన నెల జబ్బు చేసిన టీచరమ్మను ఆస్పత్రిలో చేర్చింది దాని వార్డులోనే. సెలైన్ పెట్టాలంటే ఆ సన్నబడిన చేతిలో నరం దొరకడం లేదు. అమ్మాయి వచ్చి సూది అందుకుంది. చూడ్డానికెళ్లిన నేను పక్కనే నిలబడి దాని వేళ్ల వంకే చూస్తూ లోలోపల ప్రార్థించుకున్నాను.

"మీ పేరేటమ్మా?" అంది అమ్మాయి, తెలుగులోనే.

టీచరమ్మ నవ్వి, ఇంటిపేరుతో సహా చెప్పారు. ఇన్నేళ్లూ టీచరమ్మా అనే పిలిచిన నేను ఆ పేరు వినడం అదే మొదలు.

"చెయ్యి పట్టుకుంటన్నానమ్మా."

సూది ఒక్కసారికే దిగింది.

"పదికి పది. కూకో" అన్నారు టీచరమ్మ.

అమ్మాయి ఆవిడ చెయ్యి వదలకుండానే, రెండో చెయ్యి వెనక్కి చాపి స్టూలును తడిమి చూసుకుని, మెల్లగా కూర్చుంది.