పగటిపూట ఖాళీ ఇల్లు

రిక్కార్టన్‌లో మేము కొన్న ఇల్లు పాతది. గ్యారేజీ పక్కన డీజిల్ బాయిలర్ ఉండేది. అందులో కాగిన నీళ్లు గొట్టాల్లో తిరిగి, ప్రతి గదిలోనూ కిటికీ కింద ఉన్న ఇనుప రేడియేటర్లను వేడెక్కించేవి. పెద్ద ఆఫీసు భవనాల్లో వేడినీ గాలినీ లైట్లనూ కంప్యూటర్‌తో నడిపే కంట్రోలర్లు బిగించడం నా ఉద్యోగం. ఒక భవనంలో పాతవి తీసి పారేస్తుంటే, మేనేజర్ని అడిగి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. రెండు వారాంతాలు కూర్చుని దాన్ని బాయిలర్‌కి కలిపాను. ఆ తర్వాత ఆఫీసులో నా కుర్చీలోంచే మా ఇంట్లో ఎంత వేడి ఉందో చూసేవాణ్ణి, కావాలంటే మార్చేవాణ్ణి. వచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయేవాణ్ణి.

టైమ్‌టేబుల్ రాసింది నేనే. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇరవై డిగ్రీలు. ఆ తర్వాత నేనూ నా భార్యా పనికి పోతాం కనుక సాయంత్రం నాలుగు దాకా బాయిలర్ ఆగిపోతుంది. ఆ గంటలకు తెరమీద ‘ఖాళీ’ అని పేరు పెట్టాను. ఎప్పుడైనా సెలవు పెట్టి ఇంట్లో ఉంటే పనికొస్తుందని హాల్లో గోడకు ఒక బటన్ కూడా బిగించాను. నొక్కితే రెండు గంటలు వేడి వస్తుంది.

ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో మేము ఆంటీ అని పిలిచే ఒకావిడ మా వెనక గదిలో అద్దెకు దిగారు. యాభై దాటిన మనిషి. గుంటూరులో చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చారు. ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ చేతికందేదాకా ఒక రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే పని, రోజూ నైట్ డ్యూటీ. నా భార్యకు చర్చిలో పరిచయం. మేము బయల్దేరే వేళకు ఆవిడ ఇంటికి చేరేవారు. టీ తాగి, ప్రార్థన చేసుకుని పడుకునేవారు. ఆ గది దక్షిణం వైపు ఉంది. ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి చలికాలమంతా ఆ కిటికీకి వెలుగే తప్ప ఎండ తగలదు.

టైమ్‌టేబుల్ మార్చాలని నాకు తట్టలేదు.

ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లో ఒకరోజు ఆఫీసులో ఇంటి రికార్డు తిరగేస్తుంటే బటన్ నొక్కినట్టు వరసగా కనిపించింది. ఎనిమిది యాభై, పది యాభై, పన్నెండు యాభై, రెండు యాభై. మర్నాడూ అంతే. అంతకుముందు వారమూ అంతే. రెండేసి గంటలకు ఇంత ఠంచనుగా నొక్కడం మనిషి పనిలా అనిపించలేదు. వైరు ఎక్కడో లూజై ఉంటుందనుకున్నాను. బటన్ పనిచేయకుండా తెరమీద ఒక గడి మార్చేశాను. అర నిమిషం పట్టిందేమో. తీరిగ్గా చూద్దామనుకుని మరిచిపోయాను. నా భార్యను కూడా అడగలేదు.

కొన్నాళ్లకు ఆంటీకి దగ్గు పట్టుకుంది. “చలి ముదిరింది కదా ఆంటీ, స్వెటర్ వేసుకోండి” అన్నాను. “అలాగే బాబూ” అన్నారు.

జూలైలో ఒక మధ్యాహ్నం, వైర్లు పరీక్షించే మీటర్ మరిచిపోయి దానికోసం ఇంటికి వచ్చాను. పొద్దున పడ్డ మంచు పెరట్లో నీడపట్టున ఇంకా తెల్లగానే ఉంది. తలుపు తీస్తే వంటింట్లో ఆంటీ కనబడ్డారు. యూనిఫాం మీద కోటు, తలకు శాలువా. ఓవెన్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు కుర్చీ వేసుకుని, అరచేతులు చాపి కూర్చున్నారు. నన్ను చూసి చప్పున లేచి ఓవెన్ ఆపేశారు, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు.

“ఇప్పుడే వెలిగించాను బాబూ. ఎక్కువసేపు కాలేదు.”

“పడుకోలేదా ఆంటీ?”

“పడుకున్నా. గది చల్లగా ఉంటే నిద్ర పట్టలా.”

“హాల్లో బటన్ ఉంది కదా” అనబోయి ఆగిపోయాను. రికార్డులోని ఆ నాలుగు టైములు కళ్లముందుకొచ్చాయి.

“బటన్ పాడైనట్టుంది ఆంటీ. సాయంత్రం బాగుచేస్తాను” అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి తల ఊపారు. నేను మీటర్ తీసుకుని వెళ్లిపోయాను. కారులోంచే ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేసి నా కంప్యూటర్‌లోంచి బాయిలర్ ఆన్ చేయించాను.

ఆ సాయంత్రం బటన్ మళ్లీ పనిచేసేలా పెట్టి, నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆపింది.

“ఆ బటన్ ఆంటీకి చూపించింది నేనే. నాకు చెప్పకుండా ఎందుకు తీసేశావ్?”

“పాడైందనుకున్నా.”

“మరి ఆవిడకి కూడా పాడైందనే చెప్పావా?”

నేను తల ఊపాను.

“వెళ్లి నిజం చెప్పు. నా ఎదురుగా కాదు, నువ్వే వెళ్లి చెప్పు.”

రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు ఆవిడ డ్యూటీకి వెళ్లేముందు గది తలుపు తట్టాను. అల్మరా దగ్గర నిలబడి సాక్సు మీద సాక్సు వేసుకుంటున్నారు. బటన్ చెడిపోలేదనీ, ఆపింది నేనేననీ, వైరు లోపమనుకున్నాననీ చెప్పాను.

ఆంటీ మంచం మీద కూర్చున్నారు.

“నువ్వే ఆపావని తెలుసు బాబూ. డీజిల్ ఎక్కువ కాలుతోందని, నోటితో చెప్పలేక ఆపావేమో అనుకున్నా. మీ ఇల్లు కదా. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ లేచి నొక్కేదాన్ని. అంత వాడుకోవడం నాదే తప్పనుకున్నా.”

“అయ్యో, అది కాదు ఆంటీ. మీరు నొక్కుతున్నారని నాకు తట్టనే లేదు.”

“అదే బాబూ నాకు ఎక్కువ బాధగా ఉంది” అన్నారు. గొంతులో కోపం లేదు. బస్సుకి వేళయిందని బ్యాగు అందుకున్నారు.

ఆ వారాంతం ‘ఖాళీ’ అన్న గంటలు చెరిపేసి ఆవిడ గదికి విడిగా వేడి పెట్టాను. దగ్గు మాత్రం తగ్గలేదు. ఆగస్టులో న్యుమోనియా అన్నారు. వారం ఆసుపత్రిలో ఉన్నారు. చలి వల్లే వచ్చిందా అని డాక్టర్ని అడిగాను. రెస్ట్‌హోమ్‌లో అంటుకుని ఉండొచ్చు, చెప్పలేమన్నాడు. ఆ మాట నాకు ఊరటనివ్వలేదు.

వసంతంలో రిజిస్ట్రేషన్ వచ్చింది. వెల్లింగ్టన్‌లో ఉద్యోగం దొరికి అక్కడే జాన్సన్‌విల్‌లో ఫ్లాట్ తీసుకున్నారు. వెళ్లే రోజు మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఇంటికోసం ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకున్నాను కానీ మాటలు చెవికెక్కలేదు.

ఇప్పటికీ నా భార్యకు ఫోన్ చేస్తుంటారు. చివర్లో నా గురించి అడుగుతారు. “బాగున్నాడు ఆంటీ” అని ఆమే చెబుతుంది. ఫోన్ నాకివ్వమని నేనెప్పుడూ అడగలేదు.